కుప్పకూలిన వేరుశనగ

భరత్‌కుమార్‌కు ఆఫీసులో ఇంకో పేరుండేది, కుప్పల భరత్ అని. మొహం మీదే అనేవాళ్లు, అతనూ నవ్వేవాడు. కొంత గర్వం కూడా ఉండేదనుకోవాలి. పేరు పెట్టి పిలిచేంతగా ఒక మాటను సొంతం చేసుకున్న సబ్‌ఎడిటర్లు ఎంతమంది ఉంటారు?

అతను పని చేసేది అనంతపురంలో, ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో. డెస్కు అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నాలుగు కుర్చీలు, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాక్సు మిషను, మోత ఆగని ఒక ఫోను. హత్య వార్త రాసిన చెయ్యే క్రికెట్టు రాయాలి, క్రికెట్టు రాసిన చెయ్యే పత్తి ధర రాయాలి. చేతులు తక్కువ, పేజీలు ఎక్కువ. అలాంటి చోట ఎక్కడైనా సరిపోయే మాట ఒకటి దొరికితే దాన్ని ఎవరు వదులుకుంటారు? భరత్‌కు 'కుప్పకూలింది' దొరికింది.

ఊళ్ల మధ్య పోటీల్లో ఏదో జట్టు తక్కువ పరుగులకే ఔటయితే కుప్పకూలింది. ఒక మండల పరిషత్తులో అవిశ్వాసం నెగ్గితే పాలకవర్గం కుప్పకూలింది. బొంబాయిలో షేర్లు కుప్పకూలాయి. పెద్ద హీరో సినిమా రెండో వారానికే కుప్పకూలింది. రెండు చినుకులకు ఎక్కడో బడి ప్రహరీ పడిపోతే అదీ కుప్పకూలింది. నిజానికి ఆ మాట మీద హక్కున్నది ఆ గోడ ఒక్కదానికే. బస్టాండులో ఎండకు కళ్లు తిరిగిన ముసలాయన కూడా కుప్పకూలాడు. ఆయన సోడా తాగి, తువ్వాలు దులుపుకుని, తన బస్సు తనే ఎక్కి వెళ్లిపోయిన సంగతి మాత్రం పేపర్లోకి రాలేదు.

ఇదంతా భరత్ సొంత తెలివి కాదు. డెస్కు ఇన్‌చార్జి ఓబుళేసు నేర్పిన విద్య. మీసాల్లోనే నవ్వే ఓబుళేసు పక్కవాడి కాపీలో 'తగ్గింది' అని కనపడితే చాలు, దాని చుట్టూ సున్నా చుట్టేవాడు.

"తగ్గేది జరమప్పా," అనేవాడు. "వార్త తగ్గగూడదు. హెడ్డింగులో ఏదో ఒగటి కూలాల, పేలాల, మండాల. లేకుంటే యెవరు సదువుతారు?"

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కార్తీకమాసం. జిల్లాలో వేరుశనగ పీకి, కాయ కొట్టి, ఇళ్లకు చేర్చుకుంటున్న రోజులు. వానలు ఎప్పటిలాగే ఎగ్గొట్టాయి గానీ అంతో ఇంతో చేతికొచ్చింది. ఆ రోజు పేజీలో పెద్ద వార్త కావలసిన మంత్రి పర్యటన మధ్యాహ్నానికి రద్దయింది. పేజీ నడుమ చాపంత ఖాళీ మిగిలింది.

"ఏదో ఒగటి నిలబెట్టు భరతా," అన్నాడు ఓబుళేసు.

అదే సమయానికి కళ్యాణదుర్గం విలేకరి తిప్పేష్ ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాడు. రోజూ మార్కెట్ యార్డు ధరలు చెప్పేది అతనే. తక్కువ ధర, ఎక్కువ ధర, మధ్య ధర, మూడూ చెబుతాడు. ఆ రోజూ చెప్పాడు. చెప్పి, "అన్నా, నిన్న వానకు తడిసిన కాయ యార్డుకు ఎక్కువ వచ్చినాది. అందుకే తక్కువ రేటు మరీ తక్కువుండాది. ఎండిన కాయకు ఏం కాలేదు, నిన్నటి రేటే. ఆ మాట మాత్రం రాయి," అన్నాడు.

భరత్‌కు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అతని తండ్రి నారాయణస్వామి కళ్యాణదుర్గంలో వేరుశనగ వ్యాపారి. ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటుందని, తడి కాయ ఉలకదు పలకదని, బడికి పోకముందే నేర్చుకునే ఇంట్లో పుట్టాడు. అయినా పోయిన వారపు ఎక్కువ ధరను, ఆ రోజు తక్కువ ధరను పక్కపక్కన పెట్టాడు. రెండు అంకెలూ నిజమే. పక్కపక్కన పెట్టేసరికి నడుమ పెద్ద గొయ్యి కనపడింది. ఆ గొయ్యి మీద పేజీకి అడ్డంగా హెడ్డింగు పరిచాడు: కుప్పకూలిన వేరుశనగ.

తడి కాయ సంగతి రాయకుండా లేడు. చివరి పేరాలో రాశాడు. సాయంత్రం ఒక నగల దుకాణం ప్రకటన వచ్చింది, పేజీలో చోటు కావాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు డెస్కులో ఒక పద్ధతి ఉంది. వార్తను కింది నుంచి కోస్తారు. ముఖ్యమైనదంతా పైన ఉంటుందని, చివర్లో ఉన్నది పోయినా పరవాలేదని అందరి నమ్మకం. భరత్ చివరి పేరా తీసేశాడు. తీసే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎవరూ చూడలేదు గానీ అతనికి తెలుసు.

మర్నాడు పొద్దెక్కాక భరత్ అద్దె గదికి కింద ఉన్న ఇంటివాళ్ల ఫోన్‌కు కబురొచ్చింది. తండ్రి.

"ఏమిరా భరతా, ఆ కుప్పకూలింది నువ్వు రాసిందేనా?"

"అవున్నాయనా."

"బలే రాసినావురా. యార్డులో అందరికీ సూపిచ్చినా. మావోడే రాసినాడని చెప్పినా."

నారాయణస్వామి కొడుకు ఉద్యోగాన్ని మెచ్చుకోవడం అదే మొదలు. అంతవరకు బంధువులు అడిగితే 'పేపరాఫీసులో ఉండాడులే' అని మాట మార్చేవాడు. అంగట్లో గద్దె మీద కూర్చోవలసినవాడు ఎవరో చచ్చిన వార్తలు దిద్దుకుంటూ బతుకుతున్నాడని ఆయన బాధ. ఇన్నాళ్లకు ఆ గొంతులో ముచ్చట వినబడేసరికి భరత్‌కు కడుపు నిండినట్టయింది. ఇంతలో తల్లి సుమిత్రమ్మ ఫోన్ అందుకుంది.

"తెల్లారినప్పట్నుంచి అంగడి ముందర బండ్లే బండ్లురా. మీ నాయనకు అన్నం తినేదానికి గూడా టయం లేదు."

భరత్‌కు అప్పుడు అర్థమైంది. బండ్లు ఎందుకొచ్చాయో, నాయన ఎందుకు మెచ్చుకున్నాడో, రెండూ ఒకేసారి అర్థమయ్యాయి. కాసేపటి కిందట మురిసిపోయినందుకు ఒళ్లంతా సిగ్గేసింది.

ఆఫీసు తెరిచేసరికి భరత్ ఓబుళేసు ముందు నిలబడ్డాడు. సవరణ వేయాలన్నాడు. ఓబుళేసు టీ గ్లాసు పక్కన పెట్టి నిదానంగా అడిగాడు.

"అంకెలు తప్పా?"

"కాదన్నా."

"యార్డులో ఆ రేటుకు అమ్మలేదా?"

"అమ్మినారు. తడి కాయ."

"మరి మనం తప్పు రాసిందేముంది? తప్పు లేకుండా సవరణ యెట్ల వేస్తారు?"

అలాంటి లెక్కలు ఇంకొకరి మీద అతనే చాలాసార్లు వేశాడు. అయినా కదలకుండా నిలబడ్డాడు. చివరికి ఓబుళేసే మెత్తబడి, మార్కెట్ ధరల పట్టిక అడుగున రెండు లైన్లు వేసుకొమ్మన్నాడు. 'నాణ్యమైన ఎండు కాయ ధరలో మార్పు లేదు. రైతులు గమనించగలరు.' అక్షరాలు చీమల కన్నా కాస్త పెద్దవి. ఎక్కడా ఏదీ కూలలేదు, పేలలేదు, మండలేదు.

మరుసటి రోజు అతనికి వారపు సెలవు. ఆ రెండు లైన్లున్న పేపరు మడిచి చేత పట్టుకుని కళ్యాణదుర్గం బస్సెక్కాడు. నాయనకు చెప్పాలి, రైతులకు చెప్పాలి అనుకుంటూ వెళ్లాడు. ఎవరికి ముందు చెప్పాలో మాత్రం దారి పొడుగునా తేలలేదు.

అంగడి ముందు ఎద్దుల బండ్లు, రెండు ట్రాక్టర్లు. లోపల కాటా పక్కన రాతి స్తంభం. ఆ స్తంభానికి మైదా జిగురుతో అంటించిన పేపరు ముక్క. కుప్పకూలిన వేరుశనగ. మనిషి నిలబడితే సరిగ్గా కళ్లకెదురుగా వచ్చేంత ఎత్తులో అంటించారు. తను రాసిన ఏ వార్తనూ ఇంట్లో ఎవరూ కత్తిరించి దాచలేదు. దీన్ని మాత్రం జిగురు పెట్టి అంటించారు.

"అది తియ్యి నాయనా," అన్నాడు మెల్లగా.

"యాలరా? నీ రాతే గదా."

"అది తడి కాయ రేటు. నీకు తెల్దా?"

నారాయణస్వామి మోసగాడు కాదు, తూకంలో ఏనాడూ వేలు పెట్టినవాడు కాదు. అందుకే ఆ జవాబు అంత తేలిగ్గా వచ్చింది.

"నేను రాసినానా పేపరు? అడిగినోళ్లకు సూపిస్తాండా. వాళ్లు ఇస్తామన్న రేటుకు కొంటాండా. నేనెవరి ఇంటికీ పోయి పిలవలేదు."

అప్పుడే ఒక బండి వచ్చి ఆగింది. కంబదూరు దారిలోని పల్లె నుంచి ఆంజినప్ప, అతని భార్య మారెక్క. ఆంజినప్ప ఏటేటా ఇక్కడే అమ్మేవాడు కాబట్టి భరత్‌కు చిన్నప్పటి నుంచి తెలుసు. అందరూ పీకిన వెంటనే అమ్ముకుంటే అతను మాఘమాసం దాకా ఇంట్లో పోసుకుని కూర్చునే రకం. ఆ ఓపికకు ఊళ్లో పేరుంది. ఆ ఓపిక మనిషి ఇవాళ మూటలన్నీ బండికెత్తుకుని వచ్చాడు. అన్నింటి పైన ఒక మూట వేరుగా ఉంది. దాని మూతి పాత చీర అంచు చింపి, ఎర్రటి పేలికతో కుట్టి ఉంది. మారెక్క దాని మీద చెయ్యేసి కూర్చుంది.

"విత్తనం గూడా తెచ్చినావా అన్నా?" అని అడిగాడు భరత్.

"తెచ్చినా. ఇంకా దిగజారితే దేనికి పనికొస్తాది? మీ మారెక్క వద్దే వద్దంటాది. పేపర్లో అంత లావుగా యేసింటే వద్దంటే యెట్ల?"

"నేను అనేది ఒగటే," అంది మారెక్క బండి దిగకుండానే. "రేటు పడితే కాయ కుళ్లిపోతాదా? ఇంట్లో ఉండేది ఇంట్లోనే ఉంటాది గదా. విత్తనం అమ్ముకున్న ఇంట్లో మళ్ల విత్తేదేముంటాది?"

భరత్ పేపరు మడత విప్పాడు. తండ్రి గద్దె మీద నుంచి చూస్తున్నాడని తెలుసు. చూడనీ అనుకున్నాడు.

"ఆంజినప్పన్నా, ఆ హెడ్డింగు రాసింది నేనే."

ఆంజినప్ప మొహం వెలిగింది. "నువ్వే రాసినావా? ఇంగేం మరి. తెలీనోడు రాసింటే అనుమానపడల్ల. శెట్టి కొడుకు, కాయ సంగతి తెలిసినోడు రాసినాడంటే అది నిజమే."

"కాదన్నా. విను. అది తడి కాయ రేటు. ఆ మాట కింద రాసింటి, చోటు చాలక తీసేసినా. ఎండిన కాయకు రేటు పడలేదు. ఇదో చూడు, ఇయ్యాల పేపర్లో వేసినాము."

ఆంజినప్ప చదువుకున్నవాడే, అయిదో తరగతి. పేపరు దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, ఆ రెండు లైన్లు దొరికేదాకా వెతికాడు. కూడబలుక్కుని చదివాడు. తర్వాత తలెత్తి స్తంభం మీదున్నది చూశాడు. మళ్లీ చేతిలోది చూశాడు.

"ఏమప్పా భరతూ, అంత లావుగా యేసింది అబద్ధమూ, ఇంత సన్నగా యేసింది నిజమూనా? నిజమైతే దాన్నే లావుగా యేస్తురు గదా."

భరత్ వేలితో మళ్లీ ఆ రెండు లైన్లే చూపించాడు.

"నాకు తెలుసులే," అన్నాడు ఆంజినప్ప దయగా, అతని భుజం తట్టి. "మా మొగాలు సూసి మనసొప్పక చెప్తాండావు. మంచి పిల్లోడివి. నువ్వు ముందే రాయబట్టి సరిపాయ. లేకుంటే మాఘం దాకా కాపెట్టుకోని నిండా మునిగిపోయేవాణ్ణి."

ఇంకొక్క మాట మిగిలి ఉంది. 'మా నాయనకు అమ్మొద్దు, బండి తిప్పుకుని పో.' ఆ ఒక్క మాట అంటే ఆంజినప్ప తప్పక ఆగేవాడు. కొడుకే తండ్రికి అమ్మొద్దంటే ఎవడైనా ఆలోచిస్తాడు. కానీ గద్దె మీద నాయన ఉన్నాడు. నిన్న ఫోన్లో విన్న ముచ్చట ఇంకా చెవిలోనే ఉంది. ఇన్నాళ్లకు మెచ్చుకున్న మనిషిని, ఆయన అంగట్లోనే, పదిమంది ముందు అంత మాట అనడానికి భరత్‌కు నోరు రాలేదు. మిగతా నిజాలన్నీ చెప్పాడు, పనికొచ్చే ఒక్క నిజం తప్ప. పేపర్లో చేసిన పనే మళ్లీ చేశాడు. చివరిది కోసేశాడు.

మూటలు ఒక్కొక్కటే కాటా ఎక్కాయి. ఎర్ర పేలికతో కుట్టిన మూట చివర్న ఎక్కింది. ఆంజినప్ప ఎత్తబోతే మారెక్క చెయ్యి తీయలేదు. కాసేపటికి ఆమే తీసేసింది. నారాయణస్వామి ఆ మూట మూతి దగ్గర వేలు దూర్చి నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఊపాడు. గలగలమన్నాయి.

"మంచి కాయ," అన్నాడు. "దీన్ని వేరే పెట్టండిరా."

భరత్ ఆ సాయంత్రమే అనంతపురం తిరిగి వచ్చేశాడు. అన్నం తినిపొమ్మని సుమిత్రమ్మ ఎంత అడిగినా ఉండలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు ధర పైకి పాకింది. పాకిందని అతని పేపరే రాసింది. ఆ వార్త దిద్దింది వేరే మనిషి. ఆ వారాల్లో భరత్ క్రికెట్టు కాపీలో జట్టు 'ఓడిపోయింది' అని రాసి, గోడ 'పడిపోయింది' అని రాసి ఓబుళేసు చేత చివాట్లు తిన్నాడు. కుప్పల భరత్‌కు ఏమైందని తోటివాళ్లు ఏడిపించారు. అతను మాట మానుకున్నాడు, సరే. మానుకుంటే ఎవరి మూటలు ఎవరికి తిరిగొచ్చాయి? ఇంత సులువైన శిక్ష తనకు తనే వేసుకున్నందుకు అతనికే ఒక్కోసారి రోత పుట్టేది.

జూన్‌లో తొలి వాన పడింది. నేల పదునెక్కింది. జిల్లా అంతా విత్తనాల కోసం రోడ్డు మీదే ఉంది. తల్లికి జ్వరమని తెలిసి భరత్ కళ్యాణదుర్గం వచ్చాడు. తండ్రి లోపల భోంచేస్తుంటే కాసేపు గద్దె మీద కూర్చున్నాడు. స్తంభం మీద పేపరు లేదు గానీ జిగురు మరక అలాగే ఉంది.

మారెక్క ఒక్కతే వచ్చింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఆంజినప్పన్న రాలేదా?"

"బెంగళూరు పాయ, బిల్డింగు పనికి. విత్తేటప్పటికి వస్తానన్నాడు. సర్కారు విత్తనాల కాడ మూడు దినాలు క్యూలో నిలబడితి. నా వంతొచ్చేసరికి అయిపోయినాయన్నారు."

ఆమె లోపల వరసగా పేర్చిన మూటల వైపు చూసింది. ఎంతోసేపు వెతకలేదు. గోడ వారగా ఉన్నదాన్ని వేలితో చూపించింది. ఎర్ర పేలిక కొంచెం వెలిసింది.

"అది మాదే. దాంట్లో నుంచే ఇయ్యి. వేరే విత్తనం నేను నమ్మను."

భరత్ లేచి నిలబడ్డాడు. రేటు లోపలి నుంచి నారాయణస్వామే కేకేసి చెప్పాడు. మారెక్క విని, మనసులో లెక్కేసుకుని, సంచి మడత విప్పకుండా ఆగిపోయింది. అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అబ్బయ్యా, ఒగ మాట. ఆ పొద్దు కాయ రేటు పడిపోయిందని నువ్వు రాస్తివి. తెల్లారేసరికి నిజంగానే పడిపాయ. ఊర్లో అందరమూ సూస్తిమి గదా. ఇప్పుడు విత్తనం రేటు గూడా అట్లే పడిపోయిందని రాయి. అంతే లావుగా. రెండు దినాలు ఆగి వచ్చి కొనుక్కుంటా. నేనొగ దాన్నే కాదు, ఊరంతా కొనుక్కుంటుంది."

వెటకారమేమోనని భరత్ ఆమె మొహంలోకి చూశాడు. కాదు. అయ్యుంటే ఎంతో బాగుండేది. తిడితే పడడానికి ఈ ఏడు నెలలుగా సిద్ధంగా ఉన్నాడు. ఆమె తిట్టడం లేదు. చేతనైన మనిషిని అడిగినట్టు అడుగుతోంది.

"అట్ల రాసేదానికి కుదరదు మారెక్కా," అన్నాడు చివరికి. "పడకుండానే పడిందని యెట్ల రాస్తారు?"

మారెక్క అతని వైపు నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"అప్పుడు కుదిరె గదా," అంది.